పనామా కాలువ చూడాలంటే మిరాఫ్లోరెస్ ఒక్కటే చాలదు

పనామా సిటీకి వెళ్లిన మనవాళ్లు చాలామంది మిరాఫ్లోరెస్ లాకుల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. లాకులు, అంటే నీళ్లు నింపి, తీసి ఓడల్ని ఎత్తి దించే గదులు, చూడాల్సిందే. కానీ ఈ కాలువ తవ్విందెవరో తెలియాలంటే ఇంకో రెండు చోట్లకి వెళ్లాలి.

మిరాఫ్లోరెస్‌కి పొద్దున్నే వెళ్లండి, మిట్టమధ్యాహ్నం చాలాసేపు ఓడలు రావు. గోదావరి, కృష్ణా కాలువల లాకులు చూసినవాళ్లకి పద్ధతి కొత్తేం కాదు. పంపుల్లేవు, పైనున్న నీళ్లు పల్లానికి పారడమే. నమ్మలేనిది సైజు. 33.5 మీటర్ల వెడల్పున్న గదిలోకి 32 మీటర్ల ఓడ వస్తుంది. అటూ ఇటూ రెండు మూరల సందు కూడా ఉండదు. గట్టు మీది కరెంటు ఇంజన్లు తీగలు బిగబట్టి ఓడని మధ్యలో నిలుపుతాయి.

నాకు ఎక్కువ నచ్చింది పాత ఊరు కాస్కో వియెహోలోని కాలువ మ్యూజియం. ముందుగా కాలువ తవ్వడానికి దిగిన ఫ్రెంచి కంపెనీ ఆఫీసు ఒకప్పుడు ఆ భవనంలోనే ఉండేది. సూయజ్ తవ్వించిన లెసెప్స్ ఇక్కడా లాకుల్లేకుండా సముద్ర మట్టానికే తవ్వేద్దామని 1881లో మొదలుపెట్టాడు. కులెబ్రా అనే కొండ దగ్గర తవ్వినకొద్దీ కొండ విరిగిపడింది. మలేరియా, యెల్లో ఫీవర్‌లతో సుమారు 20 వేల మంది పోయారు. 1889లో కంపెనీ దివాలా తీసింది. 1904లో అమెరికా ఈ పని చేపట్టాక డాక్టర్ గోర్గస్ ముందు దోమల పని పట్టాడు, చీఫ్ ఇంజనీరు స్టీవెన్స్ లాకుల ప్లాన్‌కి ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1914 ఆగస్టు 15న కాలువ తెరిచారు.

అమెరికా కాలంలో పోయినవాళ్లు 5,609 మంది. అందులో ఎక్కువమంది బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. వాళ్లకి జీతం వెండి నాణేల్లో, తెల్లవాళ్లకి బంగారంలో. ఇళ్లు, భోజనశాలలు, చివరికి పోస్టాఫీసు కిటికీలు కూడా వేరు. ఇది చదివాక చాలాసేపు మనసు బాగాలేదు. మేం ఎక్కిన టూర్ బోటు కులెబ్రా కోతలోంచే వెళ్లింది, గైడ్ మాత్రం ఓడల టోల్ లెక్కలే చెప్పాడు. అంత డబ్బు తీసుకుని ఈ కూలీల గురించి ఒక్క మాట చెప్పకపోవడం అన్యాయం. అందుకే ఆఫ్రో-ఆంటిలియన్ మ్యూజియం వదలొద్దు. పాత చెక్క చర్చిలో ఉంటుంది, చిన్నది, గంట చాలు. అక్కడ ఉన్నది ఆ కూలీల కథే.

బసకి కాస్కో వియెహో అందంగా ఉంటుంది కానీ ఖరీదు, రాత్రి బార్ల గోల. పిల్లలతో వెళ్తే ఎల్ కాంగ్రెహో పేట నయం, మెట్రో దగ్గర. డాలర్లు నేరుగా చెల్లుతాయి. 2016లో తెరిచిన పెద్ద లాకులు చూడాలంటే కాలువ అవతలి కొసన, కొలోన్ నగరం వైపు ఉన్న అగ్వా క్లారాకి వెళ్లాలి, దానికి ఒక పూట పైనే పడుతుంది. సోమవారం కాలువ మ్యూజియం మూత, ప్లాన్ వేసుకునేటప్పుడు చూసుకోండి.