సెలవుల పంపకంలో అన్యాయం: ఉండి అడగడం మేలా, మానేయడం మేలా?

లీవుల్లో ప్రతిసారీ నాకే అన్యాయం జరుగుతోంది, ఉద్యోగం మానేయమంటారా? ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. జీతం తక్కువని వచ్చేవాళ్ల కంటే వీళ్లలోనే బాధ ఎక్కువగా కనిపిస్తుంది. అది సహజమే. ఈ ఏడాది పెరగని జీతం వచ్చే ఏడాది పెరగొచ్చు, చెల్లెలి పెళ్లి మళ్లీ జరగదు. నేను లీవు కోసం అడిగిన ఉద్యోగిగానూ ఉన్నాను, టీముకు డ్యూటీ చార్టు వేసే పనీ చేశాను. రెండు వైపులా చూశాక నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు రావాల్సిన సెలవుల సంఖ్యే తగ్గుతోందా, లేక సంఖ్య సరిగానే ఉండి అడిగిన తేదీలు దొరకడం లేదా? ఈ రెండూ వేర్వేరు గొడవలు. సంఖ్యను చాలా దేశాల్లో చట్టమే కాపాడుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో ఆమోదించిన 132వ ఒప్పందం ప్రకారం ఏడాది సర్వీసుకు జీతంతో కనీసం మూడు పని వారాల సెలవు ఉండాలి. యూరోపియన్ యూనియన్ 2003లో ఇచ్చిన ఆదేశం నాలుగు వారాలంటుంది. అమెరికాలో మాత్రం ప్రైవేటు ఉద్యోగులకు జీతంతో సెలవు ఇచ్చి తీరాలని సాధారణంగా ఏ ఫెడరల్ చట్టమూ చెప్పదు, అక్కడ చాలావరకు కంపెనీ రాసిచ్చిన షరతులే ఆధారం. సంఖ్యలో కోత పడుతుంటే రాజీనామా గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదు, యూనియన్‌కో కార్మిక శాఖకో చెప్పడం ముందు చేయాల్సిన పని.

తేదీల సంగతి అలా కాదు. మామూలుగా అయితే ఉద్యోగిని సంప్రదించాక యాజమాన్యమే తేదీలు నిర్ణయిస్తుందని అదే 132వ ఒప్పందం చెబుతుంది. పని అవసరాలతో పాటు ఉద్యోగి విశ్రాంతినీ లెక్కలోకి తీసుకోవాలని కూడా అంటుంది. కాబట్టి అడిగిన రోజు ఇవ్వనంత మాత్రాన చట్టం తప్పినట్టు కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఈ తేదీల బాధే. ఇక్కడి నుంచి చెప్పేది వాళ్ల కోసం.

ఉండాలా, పోవాలా అన్నది తేల్చడానికి నేను చూసేది ఒక్కటే. తేదీలు ఎలా పంచారని అడిగితే మీ ఆఫీసులో ఎవరైనా జవాబు చెప్పగలరా? చెప్పిన జవాబు తప్పని మీరు చూపిస్తే అది మారే వీలుందా? న్యాయమైన పద్ధతి ఎలా ఉండాలో మనస్తత్వవేత్త జెరాల్డ్ లెవెంథాల్ 1980లో ఆరు లక్షణాలు చెప్పారు. అందరికీ ఎప్పుడూ ఒకేలా ఉండటం, పక్షపాతం లేకపోవడం, సరైన సమాచారం మీద నడవడం, తప్పును దిద్దుకునే వీలుండటం, సంబంధం ఉన్నవాళ్ల మాట వినడం, నీతికి కట్టుబడటం. లీవుల విషయానికొస్తే వీటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది దిద్దుకునే వీలు. ఎందుకంటే లోపం లేని పంపకం ఎక్కడా లేదు.

ముందు అడిగినవాళ్లకు ముందు అనే పద్ధతే తీసుకోండి. పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది. కానీ లీవ్ క్యాలెండర్ పొద్దున తెరిస్తే నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు నిద్ర లేచేసరికి మంచి తేదీలన్నీ అయిపోతాయి. సీనియారిటీ పద్ధతిలో వాదనలు తక్కువ, ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. అయితే కొత్తగా చేరినవాళ్లు ఏళ్ల తరబడి మిగిలిన తేదీలతోనే సరిపెట్టుకోవాలి. ఇక అన్నిటికంటే ఎక్కువ గాయం చేసేది, కాగితం మీద ఎక్కడా లేకపోయినా అమలయ్యే నియమం: పిల్లలున్నవాళ్లకు ముందు. స్కూలు సెలవుల్లో వాళ్లకు అవసరం ఉంటుంది, నిజమే. కానీ "నీకేం, ఒక్కడివే కదా" అన్న మాట ప్రతి ఏడాదీ వినేవాడికి ఇంట్లో మంచం పట్టిన తండ్రి ఉండొచ్చు. ఆ సంగతి మేనేజరుకు చెప్పడం అతనికి ఇష్టం లేకపోవచ్చు. సెలవు దొరకాలంటే సొంత కష్టాలన్నీ బయటపెట్టుకోవాల్సి రావడం నా దృష్టిలో పెద్ద అవమానం.

నేను చూసినంతలో గొడవలు తక్కువగా ఉండేది వంతుల పద్ధతిలో. మొదటి రౌండులో ఒకటో వ్యక్తి నుంచి చివరి వ్యక్తి వరకు తలా ఒక వారం ఎంచుకుంటారు, రెండో రౌండు చివరి వ్యక్తి నుంచి వెనక్కి నడుస్తుంది. మరుసటి ఏడాది వరుస మారుతుంది. అందరూ అడిగే రోజులకు వేరే పట్టిక ఉంటుంది, ఒకసారి అవి దొరికినవాళ్లు తర్వాతి ఏడాది వెనక్కి వెళ్తారు. దీనిలోనూ లోపాలు లేకపోలేదు. కానీ "నాకెందుకు రాలేదు?" అన్న ప్రశ్నకు పట్టిక చూపించి జవాబు చెప్పొచ్చు. పద్ధతి సరైనదని నమ్మకం కుదిరితే తమకు అనుకూలంగా లేని ఫలితాన్ని కూడా మనుషులు చాలావరకు ఒప్పుకుంటారు. దీని మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి, నా అనుభవమూ అదే.

ఇప్పుడు వెంటనే మానేయడం గురించి. దానివల్ల వచ్చే ఊరటను తక్కువ చేయను. రోజూ కోపంతో పనికి వెళ్లడం ఆరోగ్యానికి మంచిది కాదు. కానీ ఈ ఒక్క కారణంతో మానేసేవాళ్లు మరచిపోయే విషయం ఒకటుంది. కొత్త చోట మీరే అందరికంటే జూనియర్. పైగా చాలాచోట్ల కొంతకాలం పనిచేస్తే గానీ లీవు రాదు. 132వ ఒప్పందం కూడా ఆరు నెలల వరకు అలాంటి గడువు పెట్టుకోనిస్తుంది. సెలవు దొరకలేదని మానేసి, సెలవే లేని అర్ధ సంవత్సరంలోకి వెళ్లే ప్రమాదముంది. కొత్త కంపెనీలో పంపకం ఎలా జరుగుతుందో ఆఫర్ లెటర్‌లో ఉండదు.

ఉండి అడగడానికి ధైర్యం కావాలి, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. "నాకు అన్యాయం జరిగింది" అని మొదలుపెడితే మేనేజరు తనను సమర్థించుకునే పనిలో పడతాడు. "వచ్చే ఏడాది తేదీలు ఏ పద్ధతిలో పంచుతారో ముందే చెప్పగలరా?" అని మెయిల్ పెట్టండి. గత రెండేళ్లలో అందరూ కోరుకునే రోజులు ఎవరెవరికి వచ్చాయో మీకు తెలిసినంతలో రాసి పెట్టుకోండి. రాస్తున్నప్పుడు ఒక్కోసారి మన అంచనా తప్పని మనకే తెలుస్తుంది. వీలైతే ఇంకో ఇద్దరితో కలిసి అడగండి, ఒక్కరే అడిగితే అది వ్యక్తిగత ఫిర్యాదుగా మిగిలిపోతుంది. ఆ తర్వాత ఒక్క పంపకం వరకు ఆగండి. ఒక్కటి చాలు. అప్పటికీ పద్ధతి చెప్పకపోయినా, చెప్పింది అమలు చేయకపోయినా మీకు జవాబు దొరికినట్టే.

నా మొగ్గు అడగడం వైపేనని ఈపాటికి తెలిసే ఉంటుంది. కానీ రెండు సందర్భాల్లో ఆగమని చెప్పను. ఒప్పుకున్న సెలవును చివరి నిమిషంలో పదేపదే రద్దు చేస్తుంటే ఒకటి. టికెట్లు కొన్నాక, ఇంట్లోవాళ్లకు మాటిచ్చాక రద్దు చేయడం అసలు ఇవ్వకపోవడం కంటే ఘోరం. ఇక, అడిగినందుకే మీ షిఫ్టులు మార్చడం, రివ్యూలో రేటింగ్ తగ్గించడం మొదలైతే అది రెండోది. అక్కడ సమస్య సెలవులను దాటిపోయింది. అప్పుడు కూడా చేతిలో ఇంకో ఉద్యోగం పెట్టుకునే కదలండి.

వేరే టీముకు మారడం అన్నది ఆ టీము మేనేజరు వేరుగా ఆలోచిస్తేనే పనికొస్తుంది. సహోద్యోగులతో తేదీలు మార్చుకోవడం ఒకసారికి గట్టెక్కిస్తుంది, అంతే.

పోవడానికే నిశ్చయించుకుంటే, ఇంటర్వ్యూలో హెచ్ఆర్‌ని "ఎన్ని లీవులు?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఆ టీములో చివరగా చేరినవాళ్లతో మాట్లాడే అవకాశం ఇమ్మనండి. పోయిన ఏడాది అందరూ సెలవు కోరిన వారంలో పనిలో ఎవరున్నారు, అది ఎవరు నిర్ణయించారని వాళ్లను అడగండి. పాత చోట మిగిలిన లీవులకు డబ్బు ఇస్తారా, నోటీస్ పీరియడ్‌లో వాడుకోనిస్తారా అన్నది దేశాన్ని బట్టి, కాంట్రాక్టును బట్టి మారుతుంది. రాజీనామా లేఖ ఇవ్వకముందే మీ కాంట్రాక్టు చదివి, మిగిలిన లీవుల లెక్కను కాపీ తీసి పెట్టుకోండి. లేఖ ఇచ్చాక ఆఫీసు సిస్టమ్‌లోకి లాగిన్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం.