సాగర్–శ్రీశైలం లాంచీ: ఒకవైపు టికెట్ చాలు

నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీలో వెళ్లాలనుకునేవాళ్లు రానుపోను టికెట్ కొనకండి. మేం వెళ్లినప్పుడు పెద్దవాళ్లకి ఒకవైపు 2000 రూపాయలు, రానుపోను 3000. ఇంకో వెయ్యి వేస్తే తిరుగు ప్రయాణం కూడా అయిపోతుందని మా ఆయనకి ఆశ పుట్టింది. కానీ వెళ్లేటప్పుడు చూసిన కొండలే వచ్చేటప్పుడూ కనిపిస్తాయి, మళ్లీ ఆరేడు గంటలు కూర్చోవాలి. పైగా లాంచీ తిరిగి బయల్దేరే టైముకి మనం తయారుగా ఉండాలి కాబట్టి శ్రీశైలంలో మిగిలేది ఒక్క సాయంత్రమే. ఆ వెయ్యికి కొనుక్కునేది తొందర తప్ప ఇంకేం లేదు.

అసలు మేం మొదట చూసింది చెన్నై నుంచి వెళ్లే సముద్రపు క్రూయిజ్. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఓడ ఎక్కుదామని ఇద్దరికీ కోరిక. టికెట్ ధర ఒకటైతే, చెన్నై దాకా రైలు, అక్కడ ఒక రాత్రి హోటల్, ఓడ ఆగిన చోట దిగి ఊరు చూడాలంటే వాళ్ల టూరుకి విడిగా డబ్బు. లెక్క వేసి ఫోన్ పక్కన పెట్టేశాం. "మన కిష్ణమ్మ ఉండంగ సముద్రమెందుకే" అన్నాడు మా ఆయన. మాది మిర్యాలగూడ. హాలియా మీదుగా సాగర్‌కి బస్సులో పోయి రావడం మాకు కొత్త కాదు. కానీ డ్యాం వెనక నీళ్ల మీద మాత్రం ఎప్పుడూ పోలేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది ముఖ్యం. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. జలాశయంలో నీళ్లు బాగా ఉన్నప్పుడే లాంచీ తిరుగుతుంది, మట్టం తగ్గితే ఆపేస్తారు. అంటే వానాకాలం వరద వచ్చాకే. కార్తీకం మొదలైతే లాంచీలో సీట్లూ దొరకవు, శ్రీశైలంలో గదులూ దొరకవు. దసరా సెలవులు అయిపోయాక దీపావళి లోపు వెళ్తే రెండూ తేలిగ్గా దొరుకుతాయి. బయల్దేరేముందు తెలంగాణ టూరిజం వాళ్లకి ఫోన్ చేసి ఆ రోజు లాంచీ ఉందో లేదో కనుక్కోండి. చాలినంత మంది లేకపోతే రద్దు చేస్తారు.

హైదరాబాద్ నుంచి బస్సు, లాంచీ, హోటల్ కలిపిన ప్యాకేజీ కూడా ఉంది. నల్గొండ జిల్లావాళ్లకి దాంతో పనిలేదు. మనం సాగర్‌కి ముందు రోజే చేరుకుని సొంతంగా తిరగొచ్చు. లాంచీ పొద్దున్నే కదులుతుంది కాబట్టి ఒక రాత్రి ఎలాగూ ఉండాలి. టూరిజం వాళ్ల విజయ విహార్‌లో గది కిటికీ తీస్తే జలాశయమే, దానికి తగ్గట్టే రేటు. మేం హిల్ కాలనీలో ఒక మామూలు లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, ఫ్యాను మాత్రం రాత్రంతా మోగింది. పగలంతా బయటే ఉండేవాళ్లకి కిటికీలో నీళ్లు కనిపించడం కోసం అంత పెట్టక్కర్లేదని నా అభిప్రాయం.

లాంచీకి ముందు రోజు పొద్దున నాగార్జునకొండకి పోయాం. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, అది చూసుకుని వెళ్లండి. పడవ జనం నిండితేనే కదులుతుంది, ఓపిక పట్టాలి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం ఇప్పుడు మన కాళ్ల కింద నీళ్లలో ఉంది. డ్యాంకి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండేలోపు ఆ లోయని తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయీ తెచ్చి కొండ మీదా, జలాశయం ఒడ్డున ఉన్న అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. మ్యూజియంలో శిల్పాలకి గంటన్నర పెట్టుకోండి. మాతో వచ్చినవాళ్లు ఇరవై నిమిషాల్లో ఫోటోలు దిగి బయటికి వచ్చి పడవ కోసం గొడవ చేశారు.

మధ్యాహ్నం బుద్ధవనం. 274 ఎకరాలు, 2022లో తెరిచారు. కట్టడం బాగుంది కానీ నీడ తక్కువ, ఎండలో నడవలేం. నాలుగు తర్వాత వెళ్తే హాయి. ఎత్తిపోతల కోసం ఆటోవాడు చెప్పిన రేటు విని మానుకున్నాం. చంద్రవంక వాగు మీద ఆ 70 అడుగుల జలపాతాన్ని పై నుంచి చూడటమే, కింద గుండంలో మొసళ్లున్నాయి కాబట్టి దిగే పని లేదు. ఇదివరకు చూసిందే కనుక ఏం బాధ అనిపించలేదు.

ఇక లాంచీ. ఎక్కగానే మేడ మీద కుర్చీలు పట్టుకోవాలని అందరూ ఎగబడతారు. తొందరపడకండి, పదకొండు దాటాక ఎండకి వాళ్లే కిందికి దిగుతారు. తలకి తువ్వాలు, నీళ్ల సీసా ఉంటే పైన రోజంతా ఉండొచ్చు. గంటన్నర వరకు నీళ్లు విశాలంగా, సాదాగా ఉంటాయి, కొంచెం విసుగే. ఆ తర్వాత నల్లమల కొండలు రెండు వైపులా దగ్గరికొస్తాయి. ఎదురు ప్రవాహంలో పోతున్నాం కనుక కుడిచేతి వైపు మన అమ్రాబాద్ అడవి, ఎడమ వైపు ఆంధ్ర అడవి. పులిని చూస్తామని ఎవరూ ఆశ పెట్టుకోకండి. కొంగలు, నీటికాకులు, ఒడ్డున చేపలు పట్టేవాళ్ల గుడారాలు, పుట్టి మీద వల వేసే మనిషి, ఇవే కనిపిస్తాయి. ఏలేశ్వరం వైపు మునిగిపోయిన ఊళ్ల సంగతి మా అత్తమ్మ చెప్తుండేది. ఆ దగ్గర్లోకి వచ్చామని లాంచీ సరంగు చూపించగానే మా ఆయన చాలాసేపు రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు.

భోజనం టికెట్‌లోనే. అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు. వేడిగా పెట్టారు, అడిగితే మళ్లీ వడ్డించారు. బాత్రూం పొద్దున బాగుంది, మధ్యాహ్నానికి బాగాలేదు. మధ్యలో సిగ్నల్ పోతుంది, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టండి, లేదంటే వాళ్లకి టెన్షన్. నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్కటే, ఒక గుంపు స్పీకర్ తెచ్చి పాటలు పెట్టింది. సిబ్బందికి చెప్తే నవ్వి ఊరుకున్నారు. మా ఆయనే వెళ్లి "తమ్ముడూ, జర సౌండు తగ్గించున్రి" అంటే తగ్గించారు.

సాయంత్రానికి శ్రీశైలం డ్యాం కింద లింగాలగట్టు దగ్గర దింపుతారు. చాలామందికి తెలియని విషయం ఇది: మనం డ్యాంకి దిగువన దిగుతాం, గుడి ఘాట్ రోడ్డు పైన ఉంటుంది. జీపులవాళ్లు అక్కడే మూగుతారు. మనిషికి ఇంతని షేరింగ్‌లో మాట్లాడుకోండి, మొత్తం బండి కట్టించుకోవద్దు. చేప తినేవాళ్లు లింగాలగట్టులో వేపుడు తినే పైకి వెళ్లండి. మేం దర్శనం అయ్యాకే తినాలనుకుని తిరుగు రోజు ఆగి తిన్నాం, దానికోసం ఇంకోసారి వెళ్లొచ్చు.

శ్రీశైలంలో దేవస్థానం సదనాలే నయం, ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే. మాకు దొరక్క ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ అని బోర్డు, వచ్చింది పొద్దున ఒక గంట. మర్నాడు షేరింగ్ ఆటోలో సాక్షి గణపతి, హాటకేశ్వరం, శిఖరం చూసొచ్చాం. అందులో పాలధార పంచధార దగ్గర మాత్రం ఆటోవాడు తొందరపెట్టినా దిగి కూర్చోండి, అడవి చల్లదనం తెలిసేది అక్కడే.

తిరిగి రావడానికి హైదరాబాద్ బస్సెక్కి డిండిలో దిగి, దేవరకొండ మీదుగా ఇంటికి. రాష్ట్రం సరిహద్దు దాకే నాకు టికెట్ పడింది, ఆ తర్వాత తెలంగాణలో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి జీరో టికెట్, అంటే ఉచితం. సూపర్ లగ్జరీ ఎక్కితే అది వర్తించదు. మన్ననూరు–దోమలపెంట అడవి దారిలో రాత్రి తొమ్మిది దాటితే బండ్లని వదలరు, సాయంత్రం బస్సు తప్పిపోతే అక్కడే ఉండిపోవాలి. మొత్తం ఖర్చు, చేపల వేపుడుతో సహా, ఇద్దరికీ ఎనిమిది వేలు దాటలేదు.

కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి కూడా శ్రీశైలానికి లాంచీ ఉంది. మహబూబ్‌నగర్, వనపర్తి వైపువాళ్లకి అదే దగ్గర. అది డ్యాంకి ఎగువన పాతాళగంగ దగ్గర దింపుతుంది, రోప్‌వే ఎక్కితే కొండ పైకి వచ్చేస్తాం, జీపుల బేరం లేదు. సోమశిల ఎదురుగా ఉన్న సంగమేశ్వరం గుడి మాత్రం నీళ్లు తగ్గిన ఎండాకాలంలోనే బయటపడుతుంది, లాంచీ తిరిగే రోజుల్లో అది నీళ్ల కిందే. మా అత్తమ్మ శ్రీశైలం అంటోంది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని లింగాలగట్టులో దింపి జీపెక్కించలేం కాబట్టి, ఆమెని తీసుకెళ్లేటప్పుడు కొల్లాపూర్ దాకా పోయి సోమశిలలోనే ఎక్కుతాం.