మంగళగిరి పానకం, గౌరీపట్నం నల్లరాయి

మంగళగిరి కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపలి గంధకాన్ని చల్లార్చడానికే కొండమీది నరసింహస్వామికి పానకం పోస్తారనీ మా గుంటూరు వైపు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంటాం. మెట్లెక్కేటప్పుడు మా బాబాయి ఈ పాఠం చెప్పకుండా వదలడు. ఈసారి రాళ్లు కూడా చూద్దామని బయల్దేరాం.

పైకి ఘాట్ రోడ్డుంది కానీ మోకాళ్లు సహకరిస్తే మెట్లే మేలు. పక్కన విరిగిన రాయిని చూడండి: తుప్పు రంగు, చారలు, అక్కడక్కడా ఆవగింజంత ఎర్రటి గార్నెట్ పలుకులు. లావా రాయి ఇలా ఉండదు. ఈ చుట్టుపక్కల కొండలన్నీ తూర్పు కనుమల ఖోండలైట్, చార్నకైట్ అనే రకాల రాళ్లు. ఎప్పటిదో మట్టి, ఇసుక భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోతే ఖోండలైట్ అవుతుంది. బాబాయి ఒప్పుకోలేదనుకోండి. పైన పూజారి శంఖంతో పానకం పోస్తుంటే గుటకల చప్పుడు వినిపించింది. సగం ప్రసాదంగా తిరిగిచ్చారు. ఇంత బెల్లం నీళ్లున్నా అక్కడ చీమలు చేరవంటారు కదా, వాటి కోసం వెతికాను, ఒక్కటీ కనబడలేదు! సాయంత్రం పైగుడిలో దర్శనం ఉండదు, పొద్దున్నే వెళ్లాలి. కింద 11 అంతస్తుల గాలిగోపురం, ఆ వీధుల్లో చేనేత చీరలు ఎలాగూ ఉన్నాయి.

బస విజయవాడ బస్టాండు దగ్గర. గది శుభ్రంగానే ఉంది, హారన్ల మోతకు నిద్ర మాత్రం పట్టలేదు. మాట్లాడుకున్న కారతను మధ్యలో రేటు పెంచాడు. వెయిటింగ్‌తో సహా ముందే తేల్చుకోండి.

కొండపల్లికి అందరూ బొమ్మలకీ కోటకీ వెళతారు. నాకు ఆ కొండలే ఎక్కువ నచ్చాయి. శిలాద్రవం పైకి పొంగకుండా భూమిలోపలే పొరలు పొరలుగా గడ్డకట్టిన రాళ్లు ఇక్కడున్నాయి. ఉక్కుకు తుప్పు పట్టకుండా చేసే క్రోమియం ఖనిజాన్ని ఇక్కడ తవ్వారు కూడా. అగ్నిపర్వతం కాదు గానీ, దానికి దగ్గరి చుట్టం.

అసలు లావా కావాలంటే ఏలూరు దాటి గౌరీపట్నం పోవాలి. దక్కన్‌లో సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా దాదాపు 1000 కిలోమీటర్లు పారి అక్కడిదాకా వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా. రెండు లావా పొరల నడుమ సున్నపురాయిలో గవ్వల శిలాజాలుంటాయి. ఆ నల్లరాయినే క్రషర్లలో ముక్కలు కొట్టి రోడ్లకు కంకరగా వేస్తున్నారు. క్వారీలోకి మాత్రం అడక్కుండా దిగొద్దు, టిప్పర్లు చూసుకుని ఆగే రకం కాదు.