పాడుతా తీయగానా, ఇండియన్ ఐడలా? పాడేవాళ్ళకి ఏది మేలు

బాలుగారు ఉన్నప్పటి పాడుతా తీయగా ఎపిసోడ్ ఒకటి, ఆహాలో వచ్చిన తెలుగు ఇండియన్ ఐడల్ ఎపిసోడ్ ఒకటి వెంటవెంటనే పెట్టుకుని చూడండి. పాట సంగతి పక్కన పెట్టి, పాట అయిపోయాక జడ్జిలు ఏం మాట్లాడుతున్నారో అదొక్కటే వినండి. నా మటుకు ఈ రెండిటి మధ్య అసలు తేడా అక్కడే ఉంది.

పాడుతా తీయగాలో పిల్లలు వచ్చి ముందు సినిమా పేరు, రాసిందెవరు, ట్యూన్ కట్టిందెవరు, మొదట పాడిందెవరు అన్నీ చెప్పి అప్పుడు మొదలుపెడతారు. పాట అయ్యాక బాలుగారు శ ని స అన్నావనో, ఒత్తు మింగేశావనో, చరణంలో ఫలానా చోట ఊపిరి తీసుకోవడం వల్ల మాట విరిగిపోయిందనో చెప్పి ఆ లైన్ ఆయనే ఒకసారి పాడి వినిపించేవారు, మధ్యలో ఆ పాట రికార్డింగ్ రోజు కబుర్లు కూడా దొర్లేవి, అది పిల్లలకే కాదు ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళక్కూడా క్లాసే. 1996లో ఈటీవీలో మొదలైన షో ఇన్నేళ్ళు నిలబడిందంటే ఆ క్లాసు వల్లే అంటాను నేను. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ అంతా మొదట్లో ఆ స్టేజీ మీద కనిపించినవాళ్ళే.

ఐడల్లో లెక్క వేరు. 2022 ఫస్ట్ సీజన్లో తమన్, నిత్యా మీనన్, కార్తీక్ జడ్జిలు, శ్రీరామచంద్ర హోస్టు, ఫైనల్‌కి చిరంజీవి గెస్టు, వాగ్దేవి విన్నరు. అక్కడ పాట సగంలో ఉండగానే కెమెరా జడ్జి మొహం మీదికి పోతుంది, చరణంలో మంచి సంగతి (లైన్‌ని స్వరాలు మార్చి తిప్పి పాడటం) వేసే టైముకి మనకి కనపడేది ఇంకెవరో కళ్ళు పెద్దవి చేయడం! కార్తీక్ లాంటివాళ్ళు టెక్నికల్‌గా మంచి మాటలే చెప్తారు, కాదనను, కానీ వాటి పక్కనే ఆటలు, సర్‌ప్రైజులు, ఫ్యామిలీ ఎమోషన్లు కూడా నడవాలి కదా. హిందీలో అయితే ఇది ఇంకా ఎక్కువ. 2021లో కిషోర్ కుమార్ స్పెషల్ ఎపిసోడ్‌కి గెస్టుగా వెళ్ళొచ్చిన ఆయన కొడుకు అమిత్ కుమారే, అందర్నీ పొగడమని నాకు ముందే చెప్పారు అని బయటికొచ్చి అన్నాడు. ఇంకేం కావాలి.

ఇక ఓటింగ్. పాడుతా తీయగాలోలా గెలుపోటములు జడ్జిల మార్కుల మీద తేలితే పిల్లకి తన తప్పు ఎక్కడుందో తెలుస్తుంది, ఐడల్లోలా జనం ఓట్ల మీద తేలితే తెలిసేది తన ఫ్యాన్‌బేస్ ఎంతో మాత్రమే. మన వైజాగ్ అమ్మాయి షణ్ముఖప్రియ హిందీ ఐడల్ 12వ సీజన్లో టాప్ ఆరులోకి వెళ్ళింది, అదే టైములో సోషల్ మీడియాలో ఆమెని ఎంత ట్రోల్ చేశారో చూశాం, ఆ వయసు పిల్లకి అది చిన్న విషయమా? స్టైల్ నచ్చకపోతే చానల్ మార్చుకోవచ్చు గానీ షోలోంచి తీసేయమని గోల ఏంటో.

అయితే పేరు కావాలంటే ఐడల్ ముందు పాడుతా తీయగా నిలబడదు, ఇది ఒప్పుకోవాలి. కారుణ్య 2006లో రన్నరప్ అయ్యాడు, శ్రీరామచంద్ర 2010లో గెలిచాడు, రేవంత్ 2017లో గెలిచాడు, ఆ ఏడాది టాప్ త్రీలో రోహిత్ కూడా మనవాడే. హిందీ వాళ్ళ షోలో మనవాళ్ళు అలా దున్నేయడం చూస్తే కిక్కే వేరు. కానీ రేవంత్ సంగతే చూడండి, అక్కడికి వెళ్ళేనాటికే బాహుబలిలో మనోహరి పాడేసి ఉన్నాడు. అంటే ఐడల్ రెడీగా ఉన్నవాడిని పదిమందికి చూపిస్తుంది, తయారుచేయడం దాని పని కాదు.

బాలుగారు పోయాక పాడుతా తీయగా పని అయిపోయింది అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కబుర్లు రావు, నిజమే. కానీ బాలుగారి అబ్బాయి చరణ్ మళ్ళీ మొదలుపెట్టినప్పుడు జడ్జిల్లో సునీత, విజయ్ ప్రకాష్‌తో పాటు చంద్రబోస్‌ని కూర్చోబెట్టడం నాకు బాగా నచ్చింది, పాట రాసే మనిషి ఎదురుగా ఉంటే పాడేవాళ్ళు మాటని ఊరికే నమిలేయలేరు.

కాబట్టి పదిహేనేళ్ళ లోపు పిల్లలైతే నా ఓటు కళ్ళుమూసుకుని పాడుతా తీయగాకే, గెలవకపోయినా ఏదో ఒకటి నేర్చుకుని ఇంటికొస్తారు. ఇరవై దాటి, కచేరీలు చేసి, ఎవరేమన్నా తట్టుకునే మనసు ఉన్నవాళ్ళయితే ఐడల్ ఆడిషన్‌కి వెళ్ళండి, కాకపోతే కామెంట్లు చదివే పని ఇంట్లోవాళ్ళకి అప్పజెప్పి ఫోన్ పక్కన పెట్టేసి వెళ్ళండి.