బెజవాడలో స్ఫటికాలు చూడాలంటే: గాంధీ కొండ, వన్‌టౌన్ కొట్లు

ముందు బస సంగతి. స్టేషన్‌కి ఎదురుగా ఒక లాడ్జిలో దిగాను. గదికి కిటికీ లేదు, ట్యూబ్‌లైటు వెలుగులో భూతద్దం పెట్టినా ఏమీ తేలదు. గది మార్చమంటే కుదరదన్నారు. గాంధీనగర్‌లో తూర్పు కిటికీ ఉన్న గది దొరికింది. అద్దె కాస్త ఎక్కువే, కానీ ఈ పనికి పగటి వెలుతురు తప్పనిసరి.

గాంధీ కొండకు ఎండెక్కక ముందే వెళ్ళాలి. బెజవాడ కొండల రాయిని పాత భూగర్భ శాస్త్రవేత్తలు ‘బెజవాడ నైస్’ అనేవాళ్ళు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన ‘ఖోండలైట్’ అనే పేరే తర్వాత స్థిరపడింది. అందులో గార్నెట్ అనే ఖనిజపు ఎర్రటి గింజలు మామూలు కంటికే కనిపిస్తాయి. గార్నెట్ స్వేచ్ఛగా పెరిగితే 12 రాంబస్ ముఖాలతోనో (ముఖం అంటే స్ఫటికపు చదునైన పక్క), 24 ముఖాలతోనో తయారవుతుంది. ఇక్కడ చుట్టూ రాయి బిగిసి ఉండగా పెరిగినవి కాబట్టి గుండ్రంగా, పగుళ్ళతో ఉంటాయి. రాయి కోసం కొండ ఎక్కండి, ముఖాల కోసమైతే వద్దు. సుత్తి మాత్రం తీసుకెళ్ళకండి.

ముఖాలు కావాలంటే వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కిరాణా కొట్లు చూడండి. దారం పటికబెల్లం అడిగాను.

“ఏరుకోవచ్చా అండీ?”

“ఏరుకోండి సార్, ఏదైనా రేటు ఒకటే.”

అంత ఓపికగా చూపించే కొట్టు దొరకడం నా అదృష్టం. పక్క స్ఫటికాలు తగలకుండా పెరిగిన ఒక ముక్కను కిటికీ దగ్గర తిప్పి చూస్తే, కుడి కొస, ఎడమ కొస ఒకేలా లేవు. చక్కెర స్ఫటికానికి ఉన్నది ఒకే ఒక్క రెండు మడతల అక్షం. దాని చుట్టూ సగం తిప్పితే మళ్ళీ అదే రూపం వస్తుంది. అద్దంలా పనిచేసే సౌష్ఠవ తలం మాత్రం లేదు. పాఠంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కని ఈ సంగతి చేతిలో పట్టుకుంటే ఇట్టే అర్థమైంది.

పెద్ద ముక్క, చిన్న ముక్క రెండూ తీసుకోండి. ముఖాల సైజు మారినా, అవే ముఖాల మధ్య కోణం మారదు. 1669లో స్టెనో అనే శాస్త్రవేత్త క్వార్ట్జ్ స్ఫటికాల్లో గమనించింది ఇదే. అట్టముక్కను ఒక కోణానికి కత్తిరించి రెండో ముక్కకు ఆనించి చూడండి, సరిగ్గా కూర్చుంటుంది.

కల్లుప్పు కూడా కొనండి. కొన్ని ఉప్పు పలుకుల్లో ముఖం మధ్య మెట్లుమెట్లుగా లోపలికి దిగి ఉంటుంది, ఎందుకంటే అంచులు ముందు పెరుగుతాయి. పటిక ముద్దను చూసి మోసపోకండి. మెరిసేది విరిగిన చోటే, అది స్ఫటిక ముఖం కాదు. ఇంట్లో వేడినీళ్ళలో కరిగించి, దారం వేలాడదీసి, కదపకుండా వదిలేస్తే ఎనిమిది ముఖాల పటిక వస్తుంది.