తాళాల గుత్తికి వేలాడే చిన్న కత్తి: విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ

హ్యాండ్‌బ్యాగులో రోజూ ఏం ఉండాలి అంటే ఫోను, తాళాలు, పర్సు తర్వాత నా ఓటు దీనికే. కత్తెర, పట్టకారు కూడా ఇమిడి ఉండే మడత కత్తి, స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చేసే క్లాసిక్ ఎస్‌డీ. మూసినప్పుడు పొడవు 58 మిల్లీమీటర్లు, ఇంచుమించు నా చిటికెన వేలంత. తాళాల గుత్తికి తగిలిస్తే ఉన్నట్టే తెలియదు.

పేరుకే కత్తి, అసలు సరుకు కత్తెర. మామయ్యగారి బీపీ మాత్రల స్ట్రిప్పులోంచి వారానికి సరిపడా కత్తిరించాలన్నా, పాల ప్యాకెట్ మూల కోయాలన్నా, చీర అంచున వేలాడే దారం తీసేయాలన్నా ఇదే. లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది కాబట్టి నొక్కి వదిలితే కత్తెర దానంతటదే తెరుచుకుంటుంది. మొన్న మా స్కూల్లో ఓ పిల్లాడి అరచేతిలో ముల్లు దిగితే, పక్కన దూర్చి ఉండే బుల్లి పట్టకారుతో లాగేశాను. ముల్లు బయటికొచ్చాకే వాడు ఏడుపు మొదలెట్టాడు, అది వేరే సంగతి.

బ్లేడు జామకాయ కోయడానికి సరే, కొబ్బరి పీచు మీద ప్రయోగాలు వద్దు. తెరిచాక లాక్ పడదు, గట్టిగా నొక్కితే వేళ్ల మీదికి మడత పడొచ్చు. విమానం ఎక్కేవాళ్లు చెక్-ఇన్ లగేజీలో వేసేయండి. చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర వదులుకోవాల్సిందే.

ధర వెయ్యి దాటుతుంది. అదే వేషంలో చవకవి ఫుట్‌పాత్ మీద బోలెడు దొరుకుతాయి. నేను చూసినవాటి కత్తెర కాగితాన్ని కోయదు, నములుతుంది. ఏది కొన్నా ముందు ఓ దారప్పోగు కత్తిరించి చూడండి.