ఫ్రెట్‌బోర్డుకు నూనె, లైటర్ ఫ్లూయిడ్, స్టీల్ ఊల్: బెజవాడ ఉక్కపోతలో ఏళ్ళ తరబడి వాడాక

ఫ్రెట్‌బోర్డు అంటే గిటార్ మెడ (నెక్) మీద స్ట్రింగ్స్ కింద ఉండే చెక్క పలక, దానికి అడ్డంగా దిగేసిన లోహపు పట్టీలే ఫ్రెట్లు. ఈ బోర్డు కోసమని అమ్మే లెమన్ ఆయిల్ కొన్నవాళ్ళు చాలామంది స్ట్రింగ్స్ మార్చినప్పుడల్లా పట్టిస్తుంటారు. యూట్యూబులోనూ అలాగే చెబుతారు. చలికాలమంతా హీటర్లు వేసుకుని గది గాలిని ఎండగొట్టుకునే దేశాల్లో అది మంచి సలహానే. బెజవాడలో, గుంటూరులో ఏడాదిలో ఎక్కువ నెలలు చెక్కకు తేమ కరువు ఉండదు. ఇక్కడ బోర్డును పాడుచేసేది చెమట. చెమట, చర్మపు పొట్టు, స్ట్రింగ్ తుప్పు, రోడ్డు దుమ్ము కలిసి నల్లటి మకిలి కడుతుంది. దాని మీద నూనె రాస్తే నాలుగు రోజులు నిగనిగలాడుతుంది. తర్వాత ఆ మకిలి మెత్తబడి ఫ్రెట్ల వారన ముద్దగా చేరుతుంది. అందుకే ఈ సామానంతటిలో నేను అతి తక్కువగా వాడేది నూనె, అతి ఎక్కువగా వాడేది పాత బనీను గుడ్డ.

ముందు గుడ్డ సంగతే చెబుతాను, ఎవరూ దాన్ని సమీక్షించరు గనక. వాయించడం అయ్యాక పొడి గుడ్డను స్ట్రింగ్స్ కింద నుంచి దూర్చి, నట్ (నెక్ పై చివర స్ట్రింగ్స్ ఆనే గాళ్ళ పట్టీ) దగ్గర్నుంచి చివరి ఫ్రెట్ దాకా ఒకసారి లాగాలి. తర్వాత ఒక్కో స్ట్రింగ్‌నూ గుడ్డతో చిటికెలో పట్టి తుడవాలి. నిమిషం పని. మైక్రోఫైబరే కావాలని లేదు, బాగా ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డ చెమటను బాగానే పీలుస్తుంది. ముగ్గురు నలుగురు మార్చి మార్చి వాయించే చర్చి గిటార్లు చూడండి. నట్ నుంచి మూడో ఫ్రెట్ దాకా నల్లగా పెచ్చు కట్టి ఉంటుంది, ఏడో ఫ్రెట్ దాటాక కొత్త గిటార్ లాగే ఉంటుంది. జీ, సీ, డీ, ఈ మైనర్ కార్డులన్నీ ఆ మూడు ఫ్రెట్లలోనే పడతాయి మరి. శుభ్రం చేసేటప్పుడు సగం సమయం అక్కడే పెట్టాలి. మిర్చి బజ్జీ తిన్న చేత్తో గిటార్ పట్టుకునేవాళ్ళకు ఏ సీసా సాయం చేయలేదు.

పెద్ద శుభ్రం మొదలుపెట్టే ముందు చెక్క ఏదో తెలుసుకోవాలి. రోజ్‌వుడ్, ఎబోనీ, లారెల్ బోర్డులు మామూలుగా లక్క లేకుండా పచ్చి చెక్కగానే ఉంటాయి, వాటికి ఈ పద్ధతంతా వర్తిస్తుంది. 2017లో రోజ్‌వుడ్ జాతి కలపల అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ (ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) ఆంక్షలు బిగిశాక, తక్కువ ధర గిటార్లలో చాలావాటికి ఇండియన్ లారెల్ వచ్చింది. అది మన నల్లమద్దే. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 చివర్లో మినహాయింపు ఇచ్చినా లారెల్ మాత్రం ఉండిపోయింది. దాని రంధ్రాలు కాస్త పెద్దవి, మకిలి లోతుగా దిగుతుంది, నూనె కూడా ఎక్కువ తాగుతుంది.

చవక గిటార్లలో ఇంకో చిక్కుంది. లేత రంగు చెక్కకు నల్ల రంగు పట్టించి ఎబోనీలా కనిపించేట్టు చేస్తారు. ద్రావకం తగిలితే ఆ రంగు గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. ముందే పరీక్షించుకోవాలి, అదీ చివరి ఫ్రెట్ దాటాక మిగిలే అంచు మీద. అక్కడికి వేళ్ళు వెళ్ళవు కాబట్టి మకిలి ఉండదు. దూది మీద రెండు చుక్కల లైటర్ ఫ్లూయిడ్ (సిగరెట్ లైటర్లలో పోసేది) వేసి అక్కడ రుద్దితే నలుపు వచ్చిందంటే అది రంగే. అలాంటి బోర్డుకు పొడి బ్రష్షు, కొద్దిగా నూనె తప్ప వేరే ఏమీ వాడకండి.

స్ట్రింగ్స్ అన్నీ ఒకేసారి తీస్తే నెక్ వంగిపోతుందని ఒక భయం ఉంది. 12 గేజ్ (అన్నిటికన్నా సన్నటి స్ట్రింగ్ 0.012 అంగుళాల మందం ఉండే) అకౌస్టిక్ సెట్ నెక్‌ను దాదాపు 70 కేజీల బలంతో లాగుతుంది, నిజమే. రెండు మూడు గంటలు ఆ లాగుడు లేకపోతే నెక్‌కు ఏమీ కాదు, ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) ముట్టుకోనక్కర్లేదు. బిగుతుగా ఉన్న స్ట్రింగ్‌ను కటింగ్ ప్లేయర్‌తో టప్పున కత్తిరించకుండా, పెగ్ తిప్పి పూర్తిగా వదులు చేశాకే తీయండి. లెస్ పాల్ తరహా ఎలక్ట్రిక్ గిటార్లలో స్ట్రింగ్స్ పోగానే వాటిని బాడీ మీద పట్టి ఉంచే బ్రిడ్జి, టెయిల్‌పీస్ ఊడి పడొచ్చు, ముందే టేపు వేయాలి. ఫ్లాయిడ్ రోజ్ (స్ప్రింగుల బలంతో కదిలే బ్రిడ్జి) ఉంటే వెనక గూడులో సరిపడే చెక్కముక్క అడ్డం పెట్టాలి. నెక్ కింద చుట్టిన టవలు, పికప్‌ల (స్ట్రింగ్స్ కదలికను పట్టే అయస్కాంతపు పెట్టెలు) మీద మాస్కింగ్ టేపు, అకౌస్టిక్ అయితే సౌండ్ హోల్‌కు కాగితం. పెయింట్ల షాపులో దొరికే మామూలు మాస్కింగ్ టేపు చాలు. బాడీ మీద వేసే ముందు ఒకటి రెండు సార్లు చొక్కాకు అంటించి జిగురు చంపండి, లేకపోతే పాత గిటార్ల పాలిష్ లేచివస్తుంది.

మొదట ద్రవం ఏదీ వద్దు. గడువు తీరిన ఏటీఎం కార్డు మూలను ఫ్రెట్ వారన ఆనించి గీస్తే మకిలి చిన్న చిన్న చుట్టలుగా లేస్తుంది. వాడేసిన మెత్తటి టూత్‌బ్రష్‌తో దాన్ని దులిపేయాలి. సగానికి పైగా ఇక్కడే పోతుంది. ఆ తర్వాతే లైటర్ ఫ్లూయిడ్. అది నాఫ్తా అనే పెట్రోలియం ద్రావకం, జిడ్డును కరిగిస్తుంది, చెక్కలో నీరు దించదు, నిమిషంలో ఆరిపోతుంది. సీసా మూతలో సగం చాలు. బోర్డు మీద పోయకూడదు, గుడ్డ తడిపి మూడు నాలుగు ఫ్రెట్ల చొప్పున తుడుచుకుంటూ పోవాలి. గుడ్డ మడత మారుస్తూ ఉండాలి, లేకపోతే ఒక చోట తీసిన జిడ్డును ఇంకో చోట పూసినట్టే. ఆరాక చెక్క పాలిపోయి బూడిద రంగులో కనిపిస్తుంది. కంగారు పడకండి, పైనున్న జిడ్డు పోయిందని అర్థం.

ఈ దశలో మంట జాగ్రత్త. కిటికీ తీసి ఉండాలి, పక్క గదిలో స్టవ్వు గానీ దేవుడి దగ్గర దీపం, అగరొత్తి గానీ వెలుగుతూ ఉండకూడదు. తడిసిన గుడ్డను ముద్ద చేసి చెత్తబుట్టలో వేయకుండా బయట పరిచి ఆరనివ్వాలి. లైటర్ ఫ్లూయిడ్ లేదని పెయింట్ థిన్నరు, గోళ్ళ రంగు తుడిచే రిమూవరు వాడితే బోర్డు అంచున ఉండే ప్లాస్టిక్ పట్టీ (బైండింగు), ఫ్రెట్ల మధ్య గుర్తుగా ఉండే ప్లాస్టిక్ చుక్కలు కరుగుతాయి. కరోనా కాలంలో ఇంటింటికీ చేరిన శానిటైజరూ వద్దు. కొన్ని గిటార్ల నెక్ మీద ఉండే నైట్రో (నైట్రోసెల్యులోజ్) పాలిష్‌కు ఆల్కహాల్ పడదు.

నాలుగు సున్నాల (0000, అతి సన్నటి రకం) స్టీల్ ఊల్, అంటే ఉక్కు పీచు గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. మన ఊళ్ళకు అది పనికిరాదు. పని బాగానే చేస్తుంది, చెక్క పొర వెంబడి పొడవుగా నాలుగు లాగులు లాగితే బోర్డు పట్టులా అవుతుంది, ఫ్రెట్లు కూడా మెరుస్తాయి. తంటా అంతా అది రాల్చే సన్నటి ఇనుప నూగుతో. పికప్ అయస్కాంతాలకు అతుక్కుంటే ఒక పట్టాన వదలదు. చెక్క రంధ్రాల్లో ఇరుక్కున్న నూగు మన వానాకాలపు గాలికి తుప్పు పట్టి నారింజ రంగు చుక్కలుగా తేలుతుంది. పొడి వాతావరణం ఉన్నచోట రాసే సమీక్షల్లో ఈ ముక్క కనిపించదు. విప్పిన ప్యాకెట్ కూడా బీరువాలో తుప్పు పట్టి పొడైపోతుంది. పైగా హార్డ్‌వేర్ షాపులో అడిగితే అంట్లు తోమే స్క్రబ్బరు చేతిలో పెడతారు. అది గానీ ఆకుపచ్చ పీచు గానీ తగిలితే చెక్క మీద గీతలు పడి, బెండ్ చేసినప్పుడల్లా (స్ట్రింగ్‌ను పక్కకు నెట్టి వాయించినప్పుడల్లా) వేలికి తెలుస్తాయి. నేను తెల్లటి నైలాన్ ప్యాడ్‌కు మారాను. నునుపు ఒక పిసరు తక్కువ, నూగు బెడద మాత్రం లేదు.

ఫ్రెట్ల మీద ఆకుపచ్చ కనిపిస్తే భయపడకండి. మామూలు ఫ్రెట్లు నికెల్ సిల్వర్, అంటే రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. పేరే గానీ అందులో వెండి ఉండదు. చెమట ఉప్పుకు రాగి చిలుము పడుతుంది. ఫ్రెట్‌కు రెండు పక్కలా చెక్క కనిపించకుండా టేపు వేసి, 2000 గ్రిట్ (చాలా సన్నటి) గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, మెటల్ పాలిష్ చుక్క పెట్టి గుడ్డతో తోమితే గాజులా వస్తుంది. టేపు బద్ధకించి ఇత్తడి సామాను తోమే ద్రవం వాడితే చెక్క రంధ్రాల్లో తెల్ల పొడి మిగులుతుంది, దాన్ని తీయడం మొదటి పని కన్నా పెద్ద పని.

ఇక నూనెలు. ఫ్రెట్‌బోర్డు లెమన్ ఆయిల్ అని అమ్మే సీసాల్లో చాలావాటిలో ప్రధానంగా ఉండేది మినరల్ ఆయిలే, నిమ్మ వాసన అదనం. మంచి సరుకే. అయితే మెడికల్ షాపులో దొరికే లైట్ లిక్విడ్ పారాఫిన్ కూడా మినరల్ ఆయిలే. ఒకే బోర్డుపై పన్నెండో ఫ్రెట్‌కు అటొకటి ఇటొకటి పట్టిస్తూ వస్తే రంగులో గానీ నునుపులో గానీ తేడా పట్టుకోలేరు. చిక్కటి పారాఫిన్ ఇంకడానికి ఎక్కువ సమయం పడుతుంది, అందుకే లైట్ అని అడిగి తీసుకోండి. బేబీ ఆయిల్ కూడా ఇదే కోవ. అరోమా థెరపీ వాళ్ళు అమ్మే అసలు నిమ్మ తైలం మాత్రం వేరు. అది ఘాటైన ద్రావకం, బోర్డు మీద పోయకూడదు.

వంటింటి నూనెల జోలికి వెళ్ళొద్దు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, సంక్రాంతి ముందు తెల్లవారుజామున తలకు రాసుకునే డబ్బా చూస్తే తెలుస్తుంది. కొన్నాళ్ళకు కమురు వాసన కూడా వస్తుంది. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె గాలికి బంకగా మారతాయి. అవిసె నూనె ఏకంగా గట్టిపడి పొర కడుతుంది. ఆ నూనె గుడ్డను ముద్దగా పడేస్తే తనంతట తానే అంటుకోగలదు కూడా. సిలికాన్ ఉన్న ఫర్నిచర్ పాలిష్ పడితే రేపు ఫ్రెట్ల పనికో జిగురు పనికో వెళ్ళినప్పుడు రిపేరు చేసేవాళ్ళు తిడతారు.

కొలత: 20 ఫ్రెట్ల బోర్డుకు మొత్తం ఒక మిల్లీలీటరు, అంటే ఫ్రెట్‌కో చుక్క. ఎబోనీకి అందులో సగం. గుడ్డ మీద వేసుకుని రాసి, ఐదు నిమిషాలు ఆగి తుడిచేయాలి. పావుగంట తర్వాత మళ్ళీ పొడి గుడ్డతో తుడవాలి. వేలు ఆనిస్తే జిడ్డు అంటకూడదు, అంటుతుంటే ఎక్కువైనట్టే. అది కొత్త స్ట్రింగ్స్‌కు పాకి వాటి శబ్దాన్ని మొద్దుబారుస్తుంది. ఈ లెక్కన 118 మి.లీ. సీసా ఇంట్లో ఒక్క గిటార్ ఉన్నవాళ్ళకు ఎప్పటికీ అయిపోదు.

ఏడాదికి రెండుసార్లు చాలు. ఉగాదికి ముందు ఒకసారి, దీపావళి వెళ్ళాక ఒకసారి. రాత్రంతా ఏసీ నడిచే గదిలో గిటార్‌ను స్టాండు మీద ఉంచేవాళ్ళ లెక్క వేరు. రోహిణి కార్తెలో బయట రోళ్ళు పగిలే ఎండ, లోపల ఏసీ తేమను లాగేస్తూ ఉంటుంది. చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు, ఫ్రెట్ చివరలు బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గీరుతాయి. ఇది నూనెతో తీరదు. వెంటనే ఆకురాయి పట్టుకోవడం కూడా తొందరపాటే. గిటార్‌ను కేసులో పెట్టి, గాలిలో తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ పక్కన ఉంచి, తేమ 45 నుంచి 55 శాతం మధ్య రెండు వారాలు నిలబెడితే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ పొడుచుకుంటుంటే ఆకురాయి. ఈ మొత్తం సామానులో డబ్బుకు తగిన విలువ ఇచ్చేది ఆ హైగ్రోమీటరే. వానాకాలంలో కేసులో వేసిన సిలికా జెల్ సంచుల్ని వేసవిలో తీసేయడం మర్చిపోకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు తడిసిన గిటార్లు ఇంకా కొన్ని ఇళ్ళల్లో అటక మీద ఉన్నాయి. బోర్డు మీద బూజు తెల్లగా కనిపిస్తే నూనె రాసి దాచొద్దు. గాలి తగిలే నీడలో, ఎండ పడకుండా కొన్ని వారాలు ఆరనిచ్చి, ముక్కుకు మాస్కు పెట్టుకుని బ్రష్‌తో దులిపి, ఆ తర్వాత లైటర్ ఫ్లూయిడ్ దశ నుంచి మొదలుపెట్టండి. బోర్డు నెక్ నుంచి విడిపోతున్నట్టు సన్నటి గీత కనిపిస్తే మాత్రం ముందు జిగురు పని చేయించాలి. ఆ సందులోకి నూనె దిగితే తర్వాత జిగురు పట్టదు.

మేపుల్ బోర్డు ఉన్నవాళ్ళు ఇవేవీ కొననక్కర్లేదు. దాని మీద మామూలుగా లక్క పొర ఉంటుంది, నూనె లోపలికి దిగదు. గట్టిగా పిండిన తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిస్తే సరి. లక్క అరిగి చెక్క బూడిద రంగుకు తిరిగిన చోట తడి గుడ్డ కూడా ఆనించకండి, పొడిదే వాడండి.